ఎడారి నగరంలో అపరాధ పరిశోధన

యూనియన్ కార్యదర్శి మా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "సార్, ఈసారి సావనీరుకి మీరొక సాహిత్య వ్యాసం రాయాలి" అన్నాడు. "సరే, డిటెక్టివ్ నవలల మీద రాస్తాను" అన్నాను. కుర్రవాడు కాసేపు తటపటాయించి, "సాహిత్యం మీద సార్" అని మెల్లగా గుర్తు చేశాడు. అతని తప్పేమీ లేదు. డిటెక్టివ్ నవల చదవడం మనలో దాదాపు బీడీ తాగడం లాంటి వ్యవహారం. చాలామందికి అలవాటు వుంటుంది, పెద్దలు రాగానే చెయ్యి వెనక్కి పోతుంది. నేను చరిత్ర పాఠం చెప్పుకునేవాణ్ణి, సాహిత్య విమర్శ నా వృత్తి కాదు. అయినా ఈ ఐదారేళ్ళుగా వరసగా చదివిన ఒక నవలామాల గురించీ, దాన్ని ఎలా చదివితే ఏమి దొరుకుతుందో దాని గురించీ చెప్పాలనిపించి ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను. దీనికీ మా మావయ్య స్థలం గొడవకీ సంబంధం వుంది. అది తరువాత వస్తుంది.

ముందు ఇంటి సంగతి. నేను పుట్టింది ఇబ్రహీంపట్నంలోనే. అప్పట్లో అది ఊరే. ఒక పక్క కృష్ణ, ఒక పక్క కొండపల్లి కొండలు, మధ్యలోంచి హైదరాబాదు రోడ్డు. 1979లో థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ నడవడం మొదలైన తర్వాత ఊరి రంగు మారింది. ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగస్థులు వచ్చారు, అద్దె ఇళ్ళు లేచాయి, కిళ్ళీకొట్ల పక్కన టిఫిన్ సెంటర్లు వచ్చాయి. మా మావయ్యకు కూడా అక్కడే ఉద్యోగం. సెలవు రోజున బెజవాడ వెళ్ళి, ఏలూరు రోడ్డులో అద్దెకిచ్చే కొట్టు నుంచి నాలుగు నవలలు చొక్కాలో దోపుకుని వచ్చేవాడు. వాటిలో మూడు తప్పనిసరిగా డిటెక్టివ్‌వే. ఆయన చదివి పడేసినవి నేను లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివేవాణ్ణి. హంతకుడి పేరు ముందే చెప్పేసి నన్ను ఏడిపించడం ఆయనకు సరదా.

ఆ నవలల్లో రాజు కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్. కొమ్మూరి (1926–1994) చలం గారికి దగ్గర బంధువు. ఆ ఇంట్లోంచి ఈ రకం సాహిత్యం రావడం చాలామందికి ఇప్పటికీ ఆశ్చర్యంగానే వుంటుంది. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు - ఈ ముగ్గురూ రెండు మూడు తరాల పాఠకులకు ఇంటి మనుషులు. వాళ్ళకు ముందు తెలుగులో అపరాధ పరిశోధన లేదని కాదు. 20వ శతాబ్ది మొదటి దశాబ్దాల్లోనే బెంగాలీ నుంచి పాంచకడి దేవ్ నవలలు తెలుగులోకి దిగాయి, "వాడే వీడు" అప్పటిదే. ఆరుద్ర అంతటివాడు "పలకల వెండి గ్లాసు" రాశాడు. కాని ఒక మనిషిని, ఒక ఊరిని పట్టుకుని నవల తర్వాత నవల రాసి పాఠకుణ్ణి కట్టిపడేసినవాళ్ళలో కొమ్మూరిదే పెద్దపీట.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. యుగంధర్ కాపురం మద్రాసులో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు మన చేతిలోంచి పోయింది. కర్నూలు రాజధాని అయింది, 1956లో హైదరాబాదు అయింది. యుగంధర్ మాత్రం మద్రాసు వదల్లేదు. పుస్తకాల ముద్రణ, సినిమా, పత్రికలు అన్నీ చాలాకాలం అక్కడే వుండిపోయాయి గనక అది సహజమే. కాని చదువరి వైపు నుంచి చూడండి. ఇబ్రహీంపట్నంలో లాంతరు పక్కన కూచుని చదివే పన్నెండేళ్ళ కుర్రాడికి, తను ఎన్నడూ చూడని, తనది కాకుండా పోయిన ఒక మహానగరం వీధి వీధిగా తెలిసిపోతోంది. ఆంధ్ర ఉద్యమం గురించి పాఠం చెబుతున్నప్పుడు నాకు ఈ సంగతి చాలాసార్లు గుర్తొస్తుంది. "మద్రాసు మనదే" అన్న నినాదం ఆగిపోయిన తర్వాత కూడా ఆ నగరం పావలా అద్దెకి మన ఇళ్ళకు వస్తూనే వుండేది.

సరే, అసలు సంగతికి వస్తాను. 2019లో మా పాత విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చి నాకో సంచీ ఇచ్చాడు. అరిజోనా స్టేట్ యూనివర్శిటీలో చదివి, అక్కడే ఫీనిక్స్ పక్కన ఉద్యోగంలో కుదిరినవాడు. "మాస్టారూ, మీరు క్లాసులో యుగంధర్ గురించి చెప్పేవారు గదా! మా ఊరి డిటెక్టివ్‌ని కూడా చూడండి" అన్నాడు. "మా ఊరు" అంటే అతని వుద్దేశంలో ఫీనిక్స్! నాకు కాస్త చివుక్కుమన్నమాట నిజం. సంచీలో జాన్ టాల్టన్ అనే రచయిత ఇంగ్లీషు నవలలు వున్నాయి. మొదటిది 2001లో వచ్చిన "కాంక్రీట్ డెజర్ట్". తరువాత "కామెల్‌బ్యాక్ ఫాల్స్", "డ్రై హీట్", "అరిజోనా డ్రీమ్స్", అలా 2018లో వచ్చిన "ది బాంబ్ షెల్టర్" దాకా.

ఎడారిలో డిటెక్టివ్ ఏమిటని నవ్వుకోవద్దు. అసలు షెర్లాక్ హోమ్స్ పుట్టిన నవల, 1887లో వచ్చిన "ఎ స్టడీ ఇన్ స్కార్లెట్", రెండో సగమంతా ఎడారే. లండనులో జరిగిన హత్యకు మూలం అమెరికా యూటా ఎడారిలో కొత్తగా కట్టుకున్న సాల్ట్ లేక్ నగరంలో వుంటుంది. సత్యజిత్ రాయ్ 1971లో రాసిన "సోనార్ కెల్లా"లో ఫేలూదా కలకత్తా నుంచి బయలుదేరి జైసల్మేరు కోటలో తేలతాడు. 1974లో అది సినిమా అయినప్పటి నుంచి జైసల్మేరుకు బెంగాలీ యాత్రికుల తాకిడి మొదలైంది. అయితే వీటిలో ఎడారి అనేది పరిశోధకుడు వెళ్ళి చూసి వచ్చే చోటు. ఎడారిలోనే పుట్టి, అక్కడే పన్ను కట్టి, అక్కడి పాత పేర్లు తెలిసిన మనిషి పరిశోధకుడైతే కథ వేరుగా వుంటుంది. ప్రాంతీయ అపరాధ నవల అనేది ఇదే. టోనీ హిల్లర్‌మన్ 1970 నుంచి నవాహో తెగవారి ప్రాంతం మీద రాసిన నవలలు ఈ దారికి పెద్ద వూపు. టాల్టన్ ఆ దారిని పల్లె నుంచి పట్నానికి మళ్ళించాడు.

ఫీనిక్స్ గురించి కొంచెం తెలియకపోతే ఈ నవలలు సగం కూడా అందవు. ఏడాదికి ఏడెనిమిది అంగుళాల వర్షం పడే చోటు అది. సాల్ట్ అనే నది పక్కన హోహోకం అనే ప్రజలు వందల మైళ్ళ పొడవున కాలువలు తవ్వుకుని వ్యవసాయం చేసుకుని, సుమారు 1450 నాటికి ఆ ఊళ్ళు వదిలి వెళ్ళిపోయారు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత, 1867లో, కొత్తగా వచ్చిన తెల్లవాళ్ళు పూడిపోయిన ఆ కాలువలే పూడిక తీసి నీళ్ళు పారించారు. బూడిదలోంచి లేచే పక్షి పేరు ఊరికి పెట్టారు. 1911లో రూజ్‌వెల్ట్ డ్యామ్ పూర్తయ్యాక నారింజ తోటలు, పత్తి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంటింటికీ చల్లని గాలి యంత్రం వచ్చింది. ఇక జనం ఆగలేదు. 1950లో లక్షా ఏడు వేల మంది వున్న ఊరు 2020 జనాభా లెక్కల నాటికి 16 లక్షలు దాటింది. ఇప్పుడు కొలరాడో నది నీళ్ళు 336 మైళ్ళ కాలువ మీద ఎత్తిపోతలతో వస్తాయి. 2023 ఎండాకాలంలో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 43కి పైన, కాసింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం అంటాం. అక్కడ రోలు వుంటే ఏమయ్యేదో!

ఈ కాలువల సంగతి చదువుతుంటే నాకు మన ఆనకట్ట గుర్తు రాకుండా ఎలా వుంటుంది? 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు ఎత్తి పోస్తే అవి మా ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరే కృష్ణలో కలిశాయి. మేము దాన్ని పవిత్ర సంగమం అంటాం, పుష్కరాల్లో స్నానాలు చేశాం, సాయంకాలం హారతి చూడడానికి వెళ్ళాం. ఫీనిక్స్‌వాళ్ళు తమ కాలువకు హారతి ఇవ్వరు గాని, ఆ నీటి లెక్కలు మాత్రం మనకంటే గట్టిగా రాసుకుంటారు. 1980లో వాళ్ళు ఒక చట్టం చేశారు. ఆ ప్రాంతంలో కొత్తగా ఇళ్ళ స్థలాలు వేసి అమ్మేవాడు నూరేళ్ళకు సరిపడే నీళ్ళు చూపించాలి. 2023 జూన్‌లో, భూగర్భ జలం ఒక్కదాన్నే చూపించే కొత్త కాలనీలకు ఇక అనుమతి లేదని ప్రభుత్వం చెప్పింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ నగరంలో హత్యలు దేని కోసం జరుగుతాయో సగం అర్థమైనట్టే.

ఇప్పుడు కథానాయకుడు. పేరు డేవిడ్ మాప్‌స్టోన్. నాకు మొదటి పేజీల్లోనే నచ్చేశాడు, ఎందుకంటే నాలాగే చరిత్ర మాస్టారు. అధ్యాపక ఉద్యోగం పోయి, తాతా నాయనమ్మల ఇల్లు వున్న సొంత ఊరికి తిరిగి వస్తాడు. ఊరు గుర్తుపట్టలేనంతగా మారిపోయి వుంటుంది. పూర్వం పోలీసుగా పనిచేసినప్పటి స్నేహితుడు పెరాల్టా షెరీఫ్ ఆఫీసులో పెద్ద హోదాలో వుండి, తేలకుండా మూలపడ్డ పాత కేసుల కాగితాలు తిరగేసే పని ఇప్పిస్తాడు. అంతే అతని పరిశోధన. భూతద్దం లేదు, మారువేషం లేదు. పాత దినపత్రికలు, కోర్టు కాగితాలు, పటాలు, ముసలివాళ్ళ జ్ఞాపకాలు. "కాంక్రీట్ డెజర్ట్"లో 1959 నాటి ఒక యువతి హత్య, ఇవాళ కనబడకుండా పోయిన ఇంకొక యువతి వ్యవహారం పక్కపక్కన నడుస్తాయి. "డ్రై హీట్"లో ఈతకొలనులో తేలిన ఒక దిక్కులేని మనిషి కోటులో, 1948లో చనిపోయిన ఎఫ్.బి.ఐ. ఉద్యోగి బ్యాడ్జి కుట్టి వుంటుంది. అర్ధశతాబ్దం కిందటి చావు ఇవాళ్టి ఎండలోకి ఎలా నడిచి వచ్చింది? ఆపైన చెప్పను, చదువుకోండి.

విద్యార్థులకు నేను చెప్పదలచుకున్న చదివే పద్ధతి ఒకటుంది. మొదటిసారి చదివేటప్పుడు హంతకుడెవరని చూడండి, తప్పులేదు. డిటెక్టివ్ నవల డబ్బు పుచ్చుకున్నదే అందుకు. రెండోసారి చదివేటప్పుడు మాత్రం హంతకుణ్ణి మర్చిపోయి, నేలను చూడండి. హత్య జరిగిన చోట అంతకు ముందు ఏముండేది? తోటా? పొలమా? వాగా? ఆ నేల ఎవరి నుంచి ఎవరికి మారింది? ఎవరు పాత పేరుతో పిలుస్తున్నారు, ఎవరు కొత్త పేరుతో పిలుస్తున్నారు? మాప్‌స్టోన్ నడుస్తున్నప్పుడు ప్రతి వీధిలోనూ రెండు వూళ్ళు కనిపిస్తాయి - కళ్ళముందున్నది ఒకటి, దాని కింద పూడిపోయినది ఇంకొకటి. అక్కడి నేరం ఎప్పుడూ ఆ రెండింటి మధ్య అతుకు దగ్గరే వుంటుంది.

ఇది రచయిత వూహ మాత్రమే అనుకోకండి. టాల్టన్ ఫీనిక్స్‌లో పుట్టినవాడు, వృత్తిరీత్యా పత్రికా రచయిత, "అరిజోనా రిపబ్లిక్" పత్రికలో కాలమ్ రాశాడు. అదే పత్రికలో డాన్ బోల్స్ అనే విలేఖరి అంతకు ముందు ఎడారి స్థలాల అమ్మకాల్లో మోసాలను బయటపెడుతూ వచ్చాడు. 1976 జూన్ 2న అతని కారు కింద బాంబు పేలింది, పదకొండు రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. "ది బాంబ్ షెల్టర్" నవలకు ఆధారం అలాంటి సంఘటనే. నీళ్ళు లేని, దారి లేని ఎడారి ముక్కలకు రంగుల బొమ్మలు వేసి, ఎక్కడో మంచు దేశాల్లో వున్న రిటైరైన ఉద్యోగులకు అమ్మిన రోజులవి. కొన్నవాడు తన స్థలం ఎక్కడుందో ఎన్నడూ చూసి ఎరగడు.

ఈ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి మా మావయ్య గురించి ఆలోచించాను.

2014లో కొత్త రాజధాని కృష్ణకు అవతలి ఒడ్డున అన్నారు. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. మా ఊరి నుంచి చూస్తే ఏరు దాటితే అదే. ఇంకేముంది, ఇవతలి ఒడ్డున కూడా మట్టి బంగారమైంది. పత్తి చేలల్లో రాళ్ళు పాతారు, ఆ రాళ్ళకు తెల్లరంగు వేశారు, ఆర్చీ కట్టి వెంచర్ అన్నారు. మావయ్య రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో పెద్ద వాటా పెట్టి 200 గజాలు కొన్నాడు. అమ్మినాయన పేరు ఇక్కడ అనవసరం. దస్తావేజు రిజిస్టరైంది, ఈసీ తీస్తే ఏ చిక్కూ కనబడలేదు. 2018లో ప్రహరీ కట్టబోతే, ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు గారు ఇరవై ఏళ్ళ కిందటి దస్తావేజు పట్టుకుని వచ్చి, "ఈ స్థలం నాదండీ" అన్నాడు. ఆయనదీ రిజిస్టరైన కాగితమే.

మావయ్య కుంగిపోయాడు. మా అత్తయ్య అయితే ఒక మాట అన్నది, అది నాకు ఇప్పటికీ చెవిలో మోగుతూనే వుంది: "నూరు డిటెక్టివ్ నవలలు చదివిన మనిషి, ఒక్క దస్తావేజు చదవలేకపోయాడు." 

ఇది మావయ్య లోపమా, ఆ నవలల లోపమా అని నాకు చాలా రోజులు ఆలోచన. యుగంధర్ మనకు ఏమి నేర్పాడు? మనిషి ముఖం చూడమన్నాడు. మాటలో తొట్రుపాటు, చొక్కా మీద మరక, ఆరిపోయిన సిగరెట్టు, తలుపు గడియ. నేరం అంటే ఒక గదిలో ఒక రాత్రి జరిగేది, చేసినవాడు ఒకడు, వాణ్ణి చివరి అధ్యాయంలో అందరినీ కూచోబెట్టి వేలెత్తి చూపించవచ్చు. మావయ్య కూడా స్థలం కొనేటప్పుడు అమ్మేవాడి ముఖమే చూశాడు. "మంచివాడిలాగా వున్నాడురా, కళ్ళలోకి చూసి మాట్లాడాడు" అన్నాడు నాతో. పెరుగుతున్న ఊళ్ళో నేరం అలా వుండదు. ఇరవై ముప్పై ఏళ్ళ పొడవున, కొంచెం కొంచెంగా, కాగితం మీద జరుగుతుంది. దాంట్లో పాలుపంచుకున్నవాళ్ళలో సగం మందికి తాము పాలుపంచుకున్నట్టు కూడా తెలియదు.

మాప్‌స్టోన్ పద్ధతి నాకు పనికొచ్చింది అక్కడే. ఆ కుర్రాడు ఇచ్చిన పుస్తకాలు చదివిన వేసవిలోనే నేను మావయ్య కాగితాలు ముందేసుకున్నాను. లింకు డాక్యుమెంట్లు అన్నిటినీ వెనక నుంచి ముందుకు వరసగా పేర్చాను. ధర చూడలేదు, పేర్లు చూడలేదు, హద్దులు మాత్రం చూశాను. అన్నిటికంటే పాత దస్తావేజులో "తూర్పు: డొంక" అని వుంది. తరువాతి దాంట్లోనూ డొంకే. మూడో దాంట్లో "తూర్పు: ఇతరుల భూమి". డొంక ఎక్కడికి పోయింది? మా చిన్నప్పుడు గేదెలు ఆ డొంక వెంటే ఏటికి వెళ్ళేవి, నాకు బాగా గుర్తు. రెవెన్యూ వాళ్ళ పాత కొలత పటం నకలు తీయిస్తే డొంక అందులో చక్కగా వుంది. జరిగింది ఏమిటంటే, పాత లేఅవుట్ వేసినవాళ్ళు డొంక అంచు నుంచి కొలుచుకుంటూ వచ్చారు. కొత్తగా వేసినాయన డొంకను మింగేసి, దాని అవతలి అంచు నుంచి కొలిచాడు. దాంతో రాళ్ళన్నీ తూర్పుకు జరిగాయి. సర్వే నంబరు పక్కన వేసిన బై నంబర్లు కూడా మారిపోయాయి గనక ఈసీలో పాత అమ్మకం కనబడలేదు. కడపటికి తేలిందేమిటంటే, మావయ్య కొన్న 200 గజాల్లో సుమారు సగం ఆ డ్రైవరు గారిది, తక్కినది డొంకది, అంటే సర్కారుది.

యుగంధర్ అయితే ఇక్కడ చప్పట్లు కొట్టించుకునేవాడు. నేను కాగితం మీద గీసి చూపించినప్పుడు మావయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అయితే నాది ఏదీ కాదన్నమాట" అన్నాడు. కనుక్కోవడం వేరు, తిరిగి రావడం వేరు. మాప్‌స్టోన్ నవలల్లో కూడా హంతకుడు దొరుకుతాడు గాని నారింజ తోట తిరిగి రాదు. అమ్మినాయన అప్పటికే ఊళ్ళో లేడు. కేసు నడుస్తోంది. మావయ్య, ఆ డ్రైవరు గారు మొదటి ఏడాది ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. ఇప్పుడు వాయిదా రోజున ఒకే ఆటోలో వెళ్ళి, కోర్టు ఎదుట కలిసి టీ తాగి వస్తున్నారు. ఆయనకూ డిటెక్టివ్ నవలల పిచ్చి వుందట. ఆయన అభిమానం మాత్రం మధుబాబు గారి షాడో మీద. దీని మీద ఇద్దరికీ ఇప్పుడు కొత్త తగాదా.

టాల్టన్‌ని నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. అతనితో నాకు పేచీ వుంది. అతనికి పాత ఫీనిక్స్ అంటే మరీ మమకారం. నారింజ పూల వాసన, పాత రైల్వే స్టేషను, చెట్ల నీడలు. కొత్తగా వచ్చినవాడు అంటే అతని దృష్టిలో ఊరిని పాడుచేయడానికి దిగినవాడే. నాకు సంచీ ఇచ్చిన మా విద్యార్థి ఆ కొత్తవాళ్ళలో ఒకడు గదా! ఎండలో సైకిలు తొక్కుకుంటూ క్లాసుకు వెళ్ళి, నలుగురితో ఒక గది పంచుకుని, ఆ ఊరిని "మా ఊరు" అనుకునే దాకా వచ్చినవాడి కథ ఆ నవలల్లో నాకు కనబడలేదు. థర్మల్ స్టేషన్ వచ్చినప్పుడు మా ఊరి పాతకాపులు కూడా బయటి నుంచి వచ్చినవాళ్ళను ఇలాగే అనేవారు. మావయ్య అలా వచ్చినవాడే. మా అత్తయ్య వాళ్ళది పాతకాపుల ఇల్లు. ఆ పెళ్ళి జరగడానికి ఎన్ని పంచాయితీలయ్యాయో అదే ఒక నవల. ఇంకొక మాట. పొలం అమ్ముకున్న రైతు కూడా ఈ రకం నవలల్లో ఊరికే అత్యాశపరుడుగా తేలిపోతాడు. కౌలు గిట్టక, పిల్లల చదువు కోసం అమ్మినవాళ్ళు మా ఊళ్ళో నాకు డజను మంది తెలుసు.

ఈ లోపాలతో కూడా ఆ నవలామాల మనకు అవసరమని అంటాను, ఎందుకంటే అలాంటిది మనకు లేదు. యుగంధర్‌కు మద్రాసు వుంది. షాడోకు భూగోళమంతా వుంది. బెజవాడకు ఎవరున్నారు? కొన్ని వేల డిటెక్టివ్ నవలలు బెజవాడలో అచ్చయ్యాయి, గవర్నర్‌పేటలో బైండింగయ్యాయి, ఏలూరు రోడ్డులో అమ్ముడయ్యాయి. ఊరు మాత్రం వాటిలో ఎంత వెతికినా అరుదే. ఎంత విచిత్రం! 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానినప్పుడు, ఆ వాగు పూర్వం ఎంత వెడల్పున పారేది, దాని దారిలో ఎప్పుడెప్పుడు ఏవి లేచాయి అని ఊరంతా మాట్లాడుకున్నది. నెల తిరక్కుండా మర్చిపోయింది. ఫీనిక్స్‌లో నీళ్ళు లేకపోవడం, ఇక్కడ నీళ్ళు రావడం, రెండూ పాత పటాన్ని ఎవరూ చూడకపోవడం వల్ల వచ్చిన కష్టాలే. ఒక రిటైర్డ్ కరణం గారి మనవణ్ణో, లేక మన కాలేజీలో చరిత్ర బి.ఏ. చదివిన అమ్మాయినో పరిశోధకురాలిగా పెట్టి, బుడమేరు గట్టు మీద మొదటి అధ్యాయం మొదలుపెడితే ఎంత బాగుంటుంది! నాకు కథ రాయడం చేతకాదు. చేతనైనవాళ్ళు ఈ సావనీరు చదివేవాళ్ళలో వుండకపోరు. కొలత పటం ఎలా చూడాలో, ఈసీ వెనక్కి ఎలా తిప్పాలో నేను చెబుతాను, సాయంత్రం నాలుగు తర్వాత స్టాఫ్ రూమ్‌లోనే వుంటాను.

టాల్టన్ పుస్తకాలు నా బీరువాలోనే వున్నాయి, అడిగితే ఇస్తాను. ఇంగ్లీషు కష్టమనిపిస్తే మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టండి, తరువాత అదే లాక్కుపోతుంది. పక్కన మావయ్య ఇచ్చిన యుగంధర్లు కూడా పదకొండు వున్నాయి. అట్టలు చిరిగిపోయాయి, రెండింటికి చివరి పేజీలు లేవు. ఆ రెండింటిలో హంతకుడెవరో ఆయన్ని అడిగితే ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు. "డ్రై హీట్" మాత్రం కిందటి డిసెంబరు నుంచి కనబడడం లేదు. తీసుకువెళ్ళినవారు రిజిస్టరులో సంతకం పెట్టలేదు, కాని ఆ రోజు బీరువా మీద వున్న వేరుశనగ పొట్టు, గ్రీన్ ఇంకు మరక నేను చూశాను. మన స్టాఫ్‌లో గ్రీన్ ఇంకుతో సంతకం పెట్టేవారు ఇద్దరే. పేరు అచ్చులో పెట్టను. సోమవారం లోపల బీరువాలోకి తిరిగి వస్తే చాలు.